థోరియం ఉండగా యురేనియం ఎందుకు?

మా ఆఫీసు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి మూణ్ణెల్లకోసారి తిరిగొస్తుంటుంది. మన సముద్రతీరం ఇసుకలో బోలెడంత థోరియం ఉందట. దాంతో దేశానికి వందల ఏళ్ళు కరెంటు వస్తుందట. యురేనియం కన్నా రెండు వందల రెట్లు శక్తి ఉందట. రేడియేషన్ ఉండదట, చెత్త మిగలదట, బాంబుకి పనికిరాదట. అందుకే అమెరికా వాళ్ళు దాన్ని తొక్కిపెట్టారట. కింద పది మంది బొటనవేళ్ళు, ఇద్దరి దండాలు. ఆ పైన ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి ఇంత థోరియం పెట్టుకుని నల్లమలలో యురేనియం కోసం ఎందుకు తవ్వుతామంటున్నారు?"

2019లో నల్లమల గొడవ జరిగినప్పుడు కూడా ఇదే మాట చాలా చోట్ల విన్నాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి బోర్లు వేయడానికి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం అడ్డుకున్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. నేను వద్దన్న పక్షమే. కానీ మా వైపు వాళ్ళు "థోరియం వాడుకోండి, యురేనియం జోలికి పోకండి" అన్నప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే అవతల కూర్చున్న అణుశాఖ ఇంజనీరుకి ఆ ఒక్క మాట చాలు, మనల్ని తీసి పక్కన పెట్టడానికి.

నా పాయింటు ముందే చెప్పేస్తాను. ఇది కొంచెం పెద్ద టపా, సగంలో లేచిపోయేవాళ్ళకి కూడా విషయం అందాలి కదా :) థోరియం యురేనియానికి బదులుగా వచ్చేది కాదు, యురేనియం వెనకాల వచ్చేది. యురేనియం ఎక్కడ తవ్వాలి, ఎక్కడ వద్దు అనే ప్రశ్నకి థోరియం దగ్గర జవాబు దొరకదు. ఆ జవాబు వేరే చోట వెతకాలి.

ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రెండూ లోహాలే. పీరియాడిక్ టేబుల్లో అడుగున విడిగా వేసే రెండు వరుసల్లో కింది వరుస, అంటే ఆక్టినైడ్ల వరుసలో ఉంటాయి. థోరియం నంబరు 90, యురేనియం నంబరు 92. యురేనియాన్ని 1789లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ గుర్తించి, అప్పటికి కొత్తగా కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరు పెట్టాడు. థోరియాన్ని 1820ల చివర్లో స్వీడన్‌కి చెందిన బెర్జీలియస్ కనిపెట్టి, వాళ్ళ ఉరుముల దేవుడు థోర్ పేరు పెట్టాడు. మన ఇంద్రుడి లాంటి వాడన్నమాట.

బరువులో చాలా తేడా ఉంది. లీటరు నీళ్ళ సీసా నిండా యురేనియం పోస్తే 19 కిలోలు తూగుతుంది. అదే సీసాలో థోరియం అయితే 11.7 కిలోలు, దాదాపు సీసం అంత. అందుకే ఎన్‌రిచ్‌మెంట్ అయ్యాక మిగిలిపోయే యురేనియాన్ని ట్యాంకుల కవచం చీల్చే గుళ్ళకి, పాత బోయింగ్ 747 విమానాల తోకలో బరువు కోసం, గామా కిరణాలు ఆపే కవచాలకి వాడారు. థోరియం గొప్పతనం వేడి దగ్గర. దాని ఆక్సైడు కరగాలంటే 3300 డిగ్రీల పైమాటే. మామూలు లోహాల ఆక్సైడుల్లో అంత వేడికి తట్టుకునేది ఇంకోటి లేదు.

ఈ గుణమే థోరియాన్ని మన ఊళ్ళకి తెచ్చింది. పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? మా వయసు వాళ్ళకి సినిమాల్లో చూడడమే ఎక్కువ. కానీ మా దొంకేశ్వర్‌లో పెద్దవాళ్ళని అడగండి, పెళ్ళి ఊరేగింపు, భాగోతం, పసుపు ఉడకబెట్టే రాత్రులు, అన్నిటికీ ఆ లైటే అంటారు. "గ్యాస్ నూనె పోసి పంపు కొడితే పట్టపగలే" అంటాడు మా బాపు. అందులో తెల్లగా వెలిగేది నూనె మంట కాదు, మంట మీద తొడిగిన జాలీ సంచి. దాన్నే మాంటిల్ అంటారు. బట్ట సంచిని థోరియం నైట్రేట్ ద్రావణంలో ముంచి ఆరబెట్టి అమ్మేవారు. మొదటిసారి వెలిగించగానే బట్ట కాలిపోయి థోరియం ఆక్సైడు గూడు మాత్రం మిగులుతుంది. వేలు తగిలితే రాలిపోతుంది. వేడెక్కితే మాత్రం కళ్ళు చెదిరే వెలుగు ఇస్తుంది. ఆస్ట్రియాకి చెందిన ఆవర్ ఫన్ వెల్స్‌బాక్ 1891 నాటికి 99 శాతం థోరియం, 1 శాతం సీరియం ఆక్సైడుల మిశ్రమానికి వచ్చాడు. ఆ ఫార్ములానే వంద ఏళ్ళు నడిచింది.

కేరళ, తమిళనాడు తీరంలో మోనజైట్ ఇసుక తవ్వకం మొదలైంది కూడా కరెంటు కోసం కాదు, ఈ మాంటిళ్ళ కోసం. 1909లో షోంబర్గ్ అనే జర్మన్, కొబ్బరి పీచుకి అంటుకుని వచ్చిన ఇసుకలో దాన్ని గుర్తించాడు. స్వతంత్రం వచ్చాక 1950లో పెట్టిన ఇండియన్ రేర్ ఎర్త్స్ కంపెనీ, ట్రాంబేలో 1955లో పెట్టిన థోరియం ప్లాంటు మాంటిల్ కంపెనీలకి థోరియం నైట్రేట్ అమ్మాయి. అంటే అణు రియాక్టర్ అనే మాట మన పల్లెలకి తెలియక ముందే థోరియం అక్కడ పెళ్ళిళ్ళు చేయించింది. ఇప్పటికీ అది పూర్తిగా పోలేదు. బాలానగర్, జీడిమెట్ల వర్క్‌షాపుల్లో టిగ్ వెల్డింగ్ చేసేవాళ్ళని ఎర్ర మొన ఉన్న టంగ్‌స్టన్ రాడ్ చూపించమనండి. అందులో 2 శాతం థోరియమే.

ఇక కరెంటు సంగతి. ఇక్కడే ఫార్వర్డ్ మెసేజి మొదటి తప్పు చేస్తుంది.

సహజ యురేనియంలో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. 99.3 శాతం యురేనియం-238. మిగిలిన 0.7 శాతం యురేనియం-235. న్యూట్రాన్ తగలగానే పగిలి, శక్తితో పాటు ఇంకో రెండు మూడు న్యూట్రాన్లు వదిలి, గొలుసు తనంతట తానే నడిచేలా చేసేది ఆ 0.7 శాతమే. ప్రకృతిలో తవ్వి తీయగలిగినంత మోతాదులో దొరికే అలాంటి పదార్థం అదొక్కటే. థోరియంలో అలాంటిది సున్నా. థోరియం దాదాపు మొత్తం థోరియం-232 అనే ఒకే రకం. న్యూట్రాన్ తగిలితే పగలదు, మింగేస్తుంది. థోరియం-233 అవుతుంది, అది నిమిషాల్లో ప్రొటాక్టినియం-233 అవుతుంది, అది 27 రోజుల అర్ధాయువుతో మెల్లగా యురేనియం-233 అవుతుంది. అప్పుడు ఆ యురేనియం-233 పగులుతుంది. చూశారా, థోరియం రియాక్టర్‌లో చివరికి పగిలేది కూడా యురేనియమే.

దీన్ని మన వంటింటి భాషలో చెప్పొచ్చు. థోరియం పాలు. యురేనియం-235 గానీ, యురేనియం-238 నుంచి తయారయ్యే ప్లుటోనియం గానీ తోడు. పాలు ఎన్ని బిందెలున్నా తోడు లేకుండా పెరుగు కాదు. ఒకసారి తోడుకున్నాక అందులోంచే కొంచెం తీసి రేపటికి తోడు పెట్టుకోవచ్చు. కానీ మొదటి రోజు మాత్రం పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్ళాల్సిందే. రేపటి తోడుకి సరిపడా మిగలడం కూడా అంత సులభం కాదు. అమెరికాలో షిప్పింగ్‌పోర్ట్ రియాక్టర్‌ని 1977 నుంచి 1982 దాకా థోరియం, యురేనియం-233లతో నడిపి చూశారు. ఐదేళ్ళ తర్వాత లెక్కేస్తే మొదట పెట్టిన ఇంధనం కన్నా 1.4 శాతం మాత్రమే ఎక్కువ తేలింది.

హోమీ భాభా 1954లో చెప్పిన మూడు దశల పథకం సరిగ్గా ఈ తోడు లెక్కే. మొదటి దశలో సహజ యురేనియం, భారజలంతో రియాక్టర్లు నడిపి ప్లుటోనియం తీయాలి. రెండో దశలో ఆ ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్లు పెట్టి తోడుని పెంచాలి. మూడో దశలో థోరియం. ఆయనకి థోరియం అంటే ఇష్టం లేక చివర్లో పెట్టలేదు, ముందు పెట్టడానికి వీలు లేక పెట్టాడు. రెండో దశ ఎంత దూరం వచ్చిందంటే, కల్పాక్కంలో 500 మెగావాట్ల బ్రీడర్ కట్టడం 2004లో మొదలై, 2024 మార్చిలో ఇంధనం నింపే దశకి చేరింది. ఇరవై ఏళ్ళు. అక్కడే యురేనియం-233తో నడిచే కామిని అనే చిన్న రియాక్టర్ 1996 నుంచి ఉంది. దాని సామర్థ్యం 30 కిలోవాట్ల వేడి. మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ అంతకన్నా పెద్దది అయ్యుంటుంది. కామినిని చిన్నబుచ్చడానికి అనట్లేదు, అది పరిశోధన కోసం పెట్టిందే. కానీ ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్‌కి, ప్రొడక్షన్‌కి మధ్య ఎంత దూరం ఉంటుందో మన ఫీల్డు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ "రెండు వందల రెట్లు" లెక్క కూడా ఇందులోంచే పుట్టింది. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా పగిలితే మూడు వేల టన్నుల పైచిలుకు బొగ్గుతో సమానమైన వేడి వస్తుంది. థోరియం నుంచి వచ్చే యురేనియం-233 పగిలినా ఇంచుమించు అంతే. మరి రెండు వందల రెట్లు ఎక్కడిది? ఇప్పటి రియాక్టర్లు తవ్విన యురేనియంలో ఒక్క శాతం అటూ ఇటుగా మాత్రమే వాడుకుంటాయి. మెసేజి రాసినాయన ఆ ఒక శాతాన్ని తీసుకుని, థోరియాన్ని మాత్రం వందకి వంద శాతం వాడినట్టు ఊహించి పోల్చాడు. బ్రీడర్‌లో వేస్తే యురేనియం కూడా ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తుంది. ఒకరి ఇంటర్నల్ మార్కులు, ఇంకొకరి ఫైనల్ మార్కులు పక్కన పెట్టి ర్యాంకు ఇచ్చినట్టు ఉంది ఈ లెక్క.

రేడియేషన్ ఉండదనేది సగం నిజం. థోరియం-232 అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్ళు, విశ్వం వయసు కన్నా కాస్త ఎక్కువే. యురేనియం-238ది 447 కోట్ల ఏళ్ళు. అర్ధాయువు ఎంత ఎక్కువైతే అంత నెమ్మదిగా కణాలు వదులుతుంది. రెండూ వదిలేది ఆల్ఫా కణాలు, కాగితం ముక్క ఆపేస్తుంది. బయట ఉన్నంతసేపు పెద్ద భయం లేదు, లోపలికి పోతేనే ప్రమాదం. 1930, 40ల్లో ఎక్స్‌రేలో రక్తనాళాలు బాగా కనిపించాలని థోరోట్రాస్ట్ అనే థోరియం మందు ఎక్కించేవాళ్ళు. అది లివర్లో దిగబడిపోయి, పదుల ఏళ్ళ తర్వాత చాలామందికి క్యాన్సర్ తెచ్చింది. అసలు చిక్కు రియాక్టర్ తర్వాత వస్తుంది. యురేనియం-233తో పాటు కొంచెం యురేనియం-232 కూడా తయారవుతుంది. దాని సంతానంలో ఒకటైన థాలియం-208 చాలా బలమైన గామా కిరణాలు వదులుతుంది. హైదరాబాద్ ఎన్ఎఫ్‌సీలో మామూలు యురేనియం ఇంధనం చేసినట్టు దీన్ని దగ్గర నిలబడి చేయలేరు. మందపాటి గోడల వెనక నుంచి యంత్రాలతో చేయాలి. ఖర్చు ఎక్కడ పెరుగుతుందో అర్థమైంది కదా.

చెత్త సంగతీ అంతే. థోరియం దారిలో ప్లుటోనియం లాంటి దీర్ఘకాలపు సరుకు తక్కువ తయారవుతుంది, అది నిజమైన మేలు. కానీ అణువు పగిలాక వచ్చే సీజియం, స్ట్రాన్షియం రెండు దారుల్లోనూ వస్తాయి. బాంబు గురించి అయితే, అమెరికా 1955లోనే యురేనియం-233 కలిపిన బాంబుని పేల్చి చూసింది. ఇక తొక్కిపెట్టారనే మాట. ఓక్ రిడ్జ్‌లో 1968లో కరిగిన లవణాల రియాక్టర్‌ని యురేనియం-233తో నడిపారు, ఆ కాగితాలన్నీ ఎవరైనా చదువుకోవచ్చు. చైనా వాళ్ళు వాటిని చదువుకుని గాన్సు రాష్ట్రంలో 2 మెగావాట్ల ప్రయోగ రియాక్టర్ కట్టి 2023లో నడిపించారు కూడా.

ఇంతవరకూ థోరియం మీద నీళ్ళు చల్లినట్టు అనిపించి ఉంటుంది. ఇప్పుడు దాని వైపు నుంచి ఒక మాట చెప్పాలి. నా దృష్టిలో ఈ రెండు లోహాల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా ఇదే, ఫార్వర్డులో ఎప్పుడూ కనిపించదు. నీళ్ళలో యురేనియం కరుగుతుంది, థోరియం కరగదు.

కొంచెం కెమిస్ట్రీ భరించండి. థోరియానికి ఉన్నది ఒకే స్థితి, ప్లస్ నాలుగు. ఆ స్థితిలో అది నీళ్ళలో దాదాపు కరగదు. అందుకే తూర్పు కనుమల రాళ్ళు కోట్ల ఏళ్ళు అరిగి, వంశధార, నాగావళి లాంటి నదుల్లో కొట్టుకొచ్చి, అలల్లో నలిగినా థోరియం మోనజైట్ రేణువుల్లో అలాగే కూర్చుని ఉంది. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం ఇసుకలో ఉన్నది అదే. అణుఖనిజాల డైరెక్టరేట్ లెక్కల ప్రకారం దేశంలో ఎక్కువ మోనజైట్ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, సుమారు 37 లక్షల టన్నులు. మన మోనజైట్‌లో థోరియం ఆక్సైడు 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది.

యురేనియం అలా కూర్చునే రకం కాదు. గాలి తగిలితే ప్లస్ ఆరు స్థితికి వెళ్తుంది, కార్బోనేట్ ఉన్న నీళ్ళు దొరికితే కరిగి వాటితో పాటు ప్రయాణం కడుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యూసీఐఎల్ వాడే పద్ధతే ఈ గుణం మీద ఆధారపడి ఉంది. అక్కడి రాయి సున్నపురాయి జాతిది కాబట్టి యాసిడ్ పోస్తే దాన్ని రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బోనేట్, బైకార్బోనేట్‌లతో ఒత్తిడిలో ఉడికించి యురేనియాన్ని కరిగించి తీస్తారు. ఫ్యాక్టరీలో మనకి పనికొచ్చే గుణమే బయట రైతు బోరులో మన కొంప ముంచే గుణం.

ఇంకో లెక్క. తుమ్మలపల్లె రాయిలో యురేనియం చాలా తక్కువ. టన్ను రాయికి అర కిలో కూడా రాదు. మిల్లు డిజైను రోజుకి 3000 టన్నుల రాయి. అంటే రోజుకి టన్ను అటూ ఇటుగా యురేనియం పోగా, మిగతాదంతా పిండి చేసిన రాయి, బురద. యురేనియం తీసేసినా ముడి రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. 1,600 ఏళ్ళ అర్ధాయువు ఉన్న రేడియం, 75,000 ఏళ్ళ అర్ధాయువు ఉన్న థోరియం-230 అందులో ఉంటాయి. (అవును, థోరియమే. ఇసుకలోది కాదు, దాని అన్నదమ్ముడు.) రేడియం నుంచి వచ్చే రాడాన్ వాయువు అర్ధాయువు 3.8 రోజులు, అంటే గాలిలో దూరం పోయే టైము ఉంటుంది. ఇసుక థోరియం నుంచి వచ్చే థోరాన్‌ది 56 సెకన్లు. పుట్టిన చోటు నుంచి వాకిలి దాటే లోపే సగం పోతుంది.

కొట్టాల చుట్టుపక్కల ఊళ్ళ రైతులు టైలింగ్ పాండ్ వల్ల తమ బోరు నీళ్ళు, అరటి తోటలు పాడయ్యాయని ఏళ్ళుగా చెబుతున్నారు. యూసీఐఎల్ కాదంటోంది. 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కి నోటీసు ఇచ్చింది. ఎవరిది నిజమో నేను హైదరాబాద్‌లో కూర్చుని తేల్చలేను. గ్రానైట్ నేలల్లో గని లేకపోయినా బోరు నీళ్ళలో యురేనియం సహజంగా ఉండొచ్చనేది కూడా నిజమే. లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచీ చెబుతోంది. కాబట్టి ఇది వాదనలతో తేలే విషయం కాదు, కొలతలతో తేలేది. గని పెట్టక ముందు ఎంత, పెట్టాక ప్రతి ఏడాదీ ఎంత, ఏ ఊరి ఏ బోరులో ఎంత. ఆ కొలతలు ఎవరు తీస్తున్నారు? కోడ్ రాసినవాడే టెస్టింగ్ చేసి సైన్-ఆఫ్ ఇస్తే మనం రిలీజ్‌కి ఒప్పుకుంటామా? చిన్న లాగిన్ పేజీకే ఒప్పుకోము. తవ్వేవాడు, కొలిచేవాడు, సర్టిఫికెట్ ఇచ్చేవాడు ఒకే గొడుగు కింద ఉంటే పులివెందుల రైతు మాత్రం ఎందుకు నమ్మాలి?

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం అణు రంగంలోకి ప్రైవేటు కంపెనీలని రానిచ్చింది. భద్రత చూసే ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా కూడా ఇచ్చింది. మంచిదే. ఆ హోదా తుమ్మలపల్లె బోరు దాకా వస్తుందా అనేదే చూడాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. థోరియం జవాబు కాకపోతే నల్లమల వద్దనడానికి ఆధారం ఏంటి? నా లెక్కలో మూడు.

ఒకటి, యురేనియం నీళ్ళతో కదిలే లోహం, నల్లమల కృష్ణా నదికి ఆనుకుని ఉన్న అడవి. నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్-పెద్దగట్టులో గని పెడతామని 2003 ప్రాంతంలో వచ్చినప్పుడు నల్గొండ జనం అడిగింది కూడా ఇదే. హైదరాబాద్ తాగే నీళ్ళలో పెద్ద వాటా కృష్ణదే. మన ఫ్లాటు నల్లాలో వచ్చేవే.

రెండు, అక్కడ ఉన్నది చెంచులు. అడవి పోతే ఇంకో చోట ఇంకో ఉద్యోగం వెతుక్కునే వాళ్ళు కారు. పరిహారం చెక్కుతో తీరే నష్టం కాదు అది.

మూడు, యురేనియం కొనుక్కోవచ్చు. 2007-08లో మన రియాక్టర్లు ఇంధనం లేక సగం సామర్థ్యంతో నడిచాయి, నిజమే. కానీ 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం మనకి మినహాయింపు ఇచ్చాక కజకిస్తాన్, రష్యా, కెనడా నుంచి తెచ్చుకుంటున్నాం.

ఈ మూడో పాయింటుకి ఎదురు వాదన కూడా ఉంది, దాచను. దిగుమతి చేసుకున్న యురేనియం అంతర్జాతీయ తనిఖీ కింద ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. తనిఖీ బయట ఉంచుకున్న రియాక్టర్లకి సొంత యురేనియమే కావాలి. కాబట్టి "ఒక్క గ్రాము కూడా తవ్వొద్దు" అంటే ఆ రియాక్టర్ల సంగతేంటో కూడా చెప్పాలి. రెండోది, కజకిస్తాన్‌లో కూడా ఊళ్ళుంటాయి. మన అడవిని కాపాడుకోవడానికి వాళ్ళ నేల మీద భారం వేస్తున్నామని తెలిసి ఆ మాట అనాలి. నేను తెలిసే అంటున్నాను. ఉన్న గనులని సరిగా నడపమంటాను, పులుల అడవిలో కొత్తది వద్దంటాను.

అణు విద్యుత్తే వద్దనే మిత్రులతో నేను లేను. బొగ్గు కాల్చే రామగుండం బూడిద చూసినవాడిని. దేశంలో అణు విద్యుత్తు వాటా మొత్తం కరెంటులో 3 శాతం అటూ ఇటూ. 2047కి 100 గిగావాట్లు చేస్తామని 2025 బడ్జెట్లో చెప్పారు. ఆ కరెంటు ఎవరికి అంటే, ముందు వరుసలో మనమే ఉన్నాం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అనుకున్న ఆరు రియాక్టర్లలో ఒక్కోటి 1208 మెగావాట్లు. అంటే ఒక రియాక్టర్ మొత్తం ఒక డేటా సెంటర్‌కి సరిపోతుందో లేదో అన్నమాట. ఇంకో తమాషా చూడండి. థోరియం ఇసుక ఉన్న అదే తీరంలో, అదే జిల్లాలో వేద్దామనుకున్న ఆ రియాక్టర్లు అమెరికా డిజైనువి, వాటికి కావలసింది ఎన్‌రిచ్ చేసిన యురేనియం.

ఇక ఆ ఇసుక. థోరియం కోసం కాకపోయినా దాన్ని తవ్వే రోజులు దగ్గరకొస్తున్నాయి. మోనజైట్‌లో థోరియంతో పాటు నియోడిమియం లాంటి అరుదైన లోహాలుంటాయి. ఎలక్ట్రిక్ బండి మోటార్లో అయస్కాంతానికి అవి కావాలి. 2025లో చైనా వాటి ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాక అందరి చూపు ఇసుక మీద పడింది. అప్పుడు థోరియం అసలు సరుకు కాదు, జాగ్రత్తగా దాచిపెట్టాల్సిన మిగులు. భీమిలి, కళింగపట్నం మత్స్యకారులు అప్పుడు "వందల ఏళ్ళ కరెంటు" అనే ఫార్వర్డునే తమ ఇసుక తవ్వడానికి కారణంగా వినబోతారేమో అని నా భయం. నల్లమలని కాపాడడానికి మనం పంపిన మెసేజి భీమిలి మీదకి తిరగొచ్చు.

థోరియం పరిశోధన ఆపమని నేను అనను. కాక్రాపార్‌లో 1990ల్లోనే థోరియం కట్టలు పెట్టి రియాక్టర్ లోపలి వేడిని సమంగా సర్దారు, ఆ పని తెలిసినవాళ్ళు మన దగ్గరున్నారు. డబ్బు పెట్టండి, గడువులు చెప్పండి, దాటితే ఎందుకు దాటిందో చెప్పండి. కానీ 2060లోనో 2070లోనో రాబోయే పెరుగు చూపించి ఈ రోజు గిన్నెలో ఏముందో అడగొద్దంటే కుదరదు.

ఈసారి ఆ మెసేజి మీ గ్రూపులో వస్తే బొటనవేలు పెట్టకుండా రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ఆ థోరియానికి మొదటి తోడు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తోడు తవ్వే ఊరి బోరు నీళ్ళని ఎవరు కొలుస్తున్నారు? అణుశాఖలో పనిచేసేవాళ్ళు, పులివెందుల వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదివితే తప్పకుండా వ్యాఖ్య రాయండి. ముఖ్యంగా రెండో ప్రశ్నకి.